రైజెన్ 3 2200జీ స్థానంలో కొత్త ప్రాసెసర్: ముందు బయోస్, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్

మీరు అడిగింది ఇది: తిరుపతిలో, మిద్దె మీది గదిలో 2018 చివర్లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. ఏఎండీ కంపెనీ రైజెన్ 3 2200జీ ప్రాసెసర్, బీ450 చిప్‌సెట్ మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, 1 టీబీ హార్డ్ డిస్క్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. అబ్బాయి బీటెక్‌లో చేరాడు, ఆండ్రాయిడ్ స్టూడియో తెరిస్తే మెషీన్ కదలడం లేదు. విండోస్ 11 ఎక్కించబోతే ప్రాసెసర్ పనికిరాదని చూపిస్తోంది. ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే సరిపోతుందా, మొత్తం కొత్తది కొనాలా?

మొత్తం కొనే పని లేదు. మీ బోర్డులో ఉన్నది ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు). 2018లో కొన్న బీ450 బోర్డు, బయోస్ (బోర్డు చిప్పులో ఉండి మెషీన్‌ను మేల్కొలిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే, 2020 నవంబర్ నుంచి వచ్చిన రైజెన్ 5000 వరుస ప్రాసెసర్లను కూడా తీసుకుంటుంది. అన్నేళ్ల తేడా ఉన్న ప్రాసెసర్‌ను ఒకే బోర్డు మీద వేసుకునే వీలు ఇంటెల్ వైపు సాధారణంగా దొరకదు. అయితే ప్రాసెసర్ ఒక్కటే మార్చి ఊరుకుంటే మీరు అనుకున్న వేగం రాదు. ఆ సంగతి ముందు చెప్తాను.

ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, ప్రాజెక్టు బిల్డ్ అవుతున్నప్పుడు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ చూడండి. డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి ప్రాసెసర్ 30, 40 దగ్గరే ఉంటే తప్పు హార్డ్ డిస్క్‌ది. మెమరీ 90 దాటితే విండోస్ ర్యామ్‌లో పట్టని సరుకంతా అదే హార్డ్ డిస్క్ మీద పెట్టి తీస్తుంటుంది, రెండూ కలిసి మెషీన్‌ను నిలబెట్టేస్తాయి. ప్రాసెసర్ గీత నిమిషాల తరబడి 95, 100 మీద ఉంటేనే అసలు ఇరుకు ప్రాసెసర్ దగ్గర ఉన్నట్టు. మీ కాన్ఫిగరేషన్‌లో మూడూ కనిపిస్తాయని నా అంచనా. కాబట్టి డబ్బు ఒకేసారి పెట్టలేకపోతే వరుస ఇది: మొదట ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగమైన డిస్క్), తర్వాత ఇంకో 8 జీబీ ర్యామ్, ఆ తర్వాత ప్రాసెసర్. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచేది) కూడా నడపాలంటే 16 జీబీ కింద పని జరగదు, ప్రాసెసర్ ఏదైనా సరే.

మీ విషయంలో ప్రాసెసర్ మార్చడానికి ఇంకో గట్టి కారణం ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఆమోదించే జాబితాలో 2200జీ లేదు. పేరులో 2000 ఉన్నా లోపల ఉన్నది మొదటి తరం జెన్ (ఏఎండీ కోర్ల డిజైన్ పేరు) కోర్లే, అందుకే ఆపేశారు. దొడ్డిదారిన ఎక్కించే పద్ధతులు ఉన్నాయి, కానీ చదువుకునే పిల్లాడి మెషీన్‌కు అవి వద్దు. ఒక పెద్ద అప్‌డేట్ రాగానే మళ్లీ మొదటికి రావచ్చు.

ఇక ఏ ప్రాసెసర్? మీకు గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి పేరు చివరి అక్షరం చాలా జాగ్రత్తగా చూడాలి. రైజెన్ 5 5600జీ: 6 కోర్లు, 12 థ్రెడ్లు, లోపలే వేగా గ్రాఫిక్స్ ఉంటుంది. రైజెన్ 5 5600: అవే 6 కోర్లు, 12 థ్రెడ్లు, ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) రెట్టింపు, అంటే 16 ఎంబీకి బదులు 32 ఎంబీ, కానీ గ్రాఫిక్స్ లేదు. దాన్ని మీ బోర్డులో వేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉంటుంది. బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కదా అనుకుంటారు. ఆ పోర్టుకు బొమ్మ పంపేది ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్సే. అది లేకపోతే పోర్టు ఉత్త రంధ్రం. 5500, 5700ఎక్స్ కూడా గ్రాఫిక్స్ లేనివే. 5500కూ 5500జీటీకీ పేరులో తేడా రెండక్షరాలు, కానీ జీటీలో గ్రాఫిక్స్ ఉంది, ఉత్త 5500లో లేదు. షాపులో "అదే సార్ ఇది, ఇంకా తక్కువకే" అని చేతిలో పెడితే పెట్టె మీద పేరు అక్షరం అక్షరం చదవండి. మీకు 5600జీ గానీ 5600జీటీ గానీ సరిపోతుంది. 8 కోర్లు కావాలంటే 5700జీ, కానీ ఈ పనికి దాని మీద పెట్టే అదనపు డబ్బు ర్యామ్ మీద పెట్టడమే నయం.

105 వాట్ల 5800ఎక్స్ లాంటివి మీ బోర్డుకు వద్దు. ఆ 105 అనే అంకె పెట్టె మీదిది, అది సాకెట్ నుంచి 142 వాట్ల దాకా లాగుతుంది. 65 వాట్ల ప్రాసెసర్ 88 దాకా లాగుతుంది. చవక బీ450 బోర్డుల్లో ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్ఎం మీద హీట్‌సింక్ కూడా ఉండదు. సాకెట్‌కు ఎడమ పక్క వరుసగా చిన్న నల్ల చిప్పులు బోసిగా కనిపిస్తున్నాయంటే మీదీ అలాంటిదే. మన ఎండలకు వాటి మీద 142 వాట్ల భారం వేయకూడదు.

ఇప్పుడు అసలు పని, చాలామంది వెనకా ముందూ చేసేది: బయోస్. కొత్త ప్రాసెసర్‌ను ఎలా మేల్కొలపాలో చెప్పే కోడ్ బోర్డు బయోస్ చిప్పులో ఉండాలి. 2018 నాటి బయోస్‌కు 5600జీ అంటే ఎవరో తెలియదు. కాబట్టి పాత 2200జీ బోర్డు మీద ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. ముందు ప్రాసెసర్ మార్చేసి డిస్‌ప్లే రాక, బోర్డు పోయిందనుకుని ఇంకో బోర్డు కొనేవాళ్లు ఉన్నారు. ఆ బోర్డుకు ఏమీ కాలేదు.

స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిస్తే బేస్‌బోర్డ్ ప్రోడక్ట్ అన్న చోట బోర్డు పేరు, బయోస్ వెర్షన్ అన్న చోట ఇప్పటి వెర్షన్, తేదీ ఉంటాయి. రెండూ కాగితం మీద రాసుకోండి. క్యాబినెట్ తెరిచి బోర్డు మూలన అచ్చు వేసిన రివిజన్ నంబరు కూడా చూడండి, రెవ్ 1.0 అనో 1.1 అనో ఉంటుంది. ఒకే పేరున్న బోర్డుకు రివిజన్ మారితే బయోస్ ఫైలు మారవచ్చు. తర్వాత బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీకి వెళ్లి సీపీయూ (ప్రాసెసర్) సపోర్టు జాబితాలో 5600జీ వరుస వెతకండి. దాని పక్కన ఏ బయోస్ వెర్షన్ నుంచి పని చేస్తుందో ఉంటుంది. ఆ వెర్షన్ గానీ, దాని తర్వాతిది గానీ దించుకోండి. ఫైలు పక్కన ఉన్న చిన్న వివరణ తప్పకుండా చదవండి. కొన్ని బోర్డులకు మధ్యలో ఇంకో వెర్షన్ ఎక్కించాకే కొత్తది ఎక్కుతుంది. కొన్ని కొత్త వెర్షన్లు బాగా పాత ప్రాసెసర్ల సపోర్టు తీసేస్తాయి, వెనక్కి రానివ్వవు. ఎక్కించబోయే వెర్షన్‌లో 2200జీ కూడా పని చేస్తుందో లేదో అదే జాబితాలో చూసుకోండి. పని చేయకపోతే, అప్‌డేట్ అయిన మరుక్షణం నుంచి కొత్త ప్రాసెసర్ చేతిలో ఉండాలి.

ఫైలును ఎఫ్‌ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి, బయోస్ లోపలికి వెళ్లి అక్కడి ఫ్లాష్ మెనూ నుంచే ఎక్కించండి. విండోస్‌లోంచి ఎక్కించే సాఫ్ట్‌వేర్ వాడొద్దు, మధ్యలో విండోస్ బిగుసుకుపోతే బోర్డు పోతుంది. పని మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాల్లో కరెంటు పోకూడదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమా వద్దు. మామూలు ఇన్వర్టర్ కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారే ఆ క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే దానికి మార్చండి, లేదా కంప్యూటర్ యూపీఎస్ ఒకటి ఎవరి దగ్గరైనా ఆ పూటకు అడిగి తెచ్చుకోండి. గాలివాన వచ్చే సాయంత్రం ఈ పని పెట్టుకోవద్దు.

బయోస్ అప్‌డేట్ అయ్యాక అన్ని సెట్టింగులూ ఫ్యాక్టరీ దశకు పోతాయి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. 2018లో షాపువాళ్లు విండోస్‌ను పాత పద్ధతిలో, ఎంబీఆర్ (డిస్క్‌ను భాగాలు చేసే పాత పద్ధతి) డిస్క్ మీద ఎక్కించి ఉంటే, సీఎస్ఎం అన్న సెట్టింగు (పాత పద్ధతి బూట్‌ను అనుమతించేది) ఆఫ్ అయిపోయి బూట్ డిస్క్ దొరకలేదని వస్తుంది. డిస్క్ పోలేదు. బయోస్‌లో సీఎస్ఎం మళ్లీ ఆన్ చేస్తే వస్తుంది. విండోస్ 11కు మాత్రం డిస్క్ జీపీటీలో (భాగాలు చేసే కొత్త పద్ధతి) ఉండాలి, సీఎస్ఎం ఆఫ్‌లో ఉండాలి, ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్ లోపలి భద్రతా భాగం) ఆన్‌లో ఉండాలి. ఎలాగూ ఎస్‌ఎస్‌డీ వేస్తున్నారు కాబట్టి దాని మీద విండోస్ 11 కొత్తగా ఎక్కించండి, ఈ మార్పిడి గొడవే ఉండదు. బోర్డు మీద ఎం.2 స్లాట్ ఉంటుంది. అందులో ఎస్‌ఎస్‌డీ పెడితే కొన్ని బోర్డుల్లో ఒకటి రెండు సాటా పోర్టులు (హార్డ్ డిస్క్ కేబుల్ పెట్టే చోట్లు) పని చేయడం మానేస్తాయి. హార్డ్ డిస్క్ ఉన్నట్టుండి మాయమైతే దాని కేబుల్ వేరే పోర్టుకు మార్చండి.

పాత మెషీన్‌లో బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ (రెండూ డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయాలు) ఆన్‌లో ఉందేమో బయోస్ ముట్టుకోకముందే చూసి, ఉంటే ఆపండి, రికవరీ కీ రాసుకోండి. ఎఫ్‌టీపీఎం తాళాలు ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటాయి. కొత్త ప్రాసెసర్‌తో మొదటిసారి ఆన్ చేయగానే "ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయమంటారా, వై నొక్కండి" అన్న అర్థంతో ఇంగ్లీషులో ఒక నల్ల తెర వస్తుంది. ఎన్‌క్రిప్షన్ లేకపోతే నిశ్చింతగా వై నొక్కవచ్చు. ఉండి, కీ చేతిలో లేకపోతే వై నొక్కాక ఆ డిస్క్‌లోని ఫోటోలు తిరిగి రావు.

ఇక విప్పడం. కావలసినవి: పొడవాటి ఫిలిప్స్ స్క్రూడ్రైవర్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దారాలు ఊడని మెత్తటి గుడ్డ లేదా కాఫీ ఫిల్టర్ పేపర్, చిన్న థర్మల్ పేస్ట్ ట్యూబు (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడి దాటించేది). శానిటైజర్ వాడొద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డు పొర మిగులుతుంది.

కూలర్ తీయబోయే ముందు కంప్యూటర్‌ను పది పదిహేను నిమిషాలు ఏదైనా బరువైన పని పెట్టి నడపండి. ఇది వదిలేయకండి. ఏఎం4 ప్రాసెసర్ అడుగున 1331 పిన్నులు ఉంటాయి. సాకెట్ ఆ పిన్నులను పక్క నుంచి పట్టుకుంటుంది తప్ప, పైనుంచి ప్రాసెసర్‌ను నొక్కి ఉంచే పళ్లెం ఏదీ లేదు. ఏళ్ల తరబడి ఎండిన పేస్ట్ బంకలా పట్టి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు కూలర్‌ను నిట్టనిలువుగా లాగితే, సాకెట్ పక్క లివర్ (ప్రాసెసర్‌ను బిగించే చిన్న కడ్డీ) వేసి ఉన్నా సరే, ప్రాసెసర్ కూలర్‌కు అంటుకుని పిన్నులతో సహా ఊడి వస్తుంది. వేడి మీద పేస్ట్ మెత్తబడుతుంది. షట్‌డౌన్ చేసి, ప్లగ్గు తీసి, పవర్ బటన్ ఒకసారి పది సెకన్లు నొక్కి, క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టండి. చేత్తో క్యాబినెట్ ఇనుమును తాకి ఆ తర్వాత లోపలికి వెళ్లండి. సీపీయూ ఫ్యాన్ వైరు బోర్డు నుంచి తీయండి.

2200జీతో వచ్చిన రెయిత్ స్టెల్త్ కూలర్‌కు నాలుగు స్ప్రింగ్ స్క్రూలు ఉంటాయి. ఒక్కోదాన్ని రెండు మూడు చుట్లు, ఐమూలగా వదులు చేసుకుంటూ పోండి. ఈ నాలుగు స్క్రూలే బోర్డు వెనక ఉన్న బ్యాక్‌ప్లేట్‌ను కూడా పట్టుకుని ఉంటాయి. క్యాబినెట్ నిలబడి ఉంటే చివరి స్క్రూ ఊడగానే ఆ ప్లేటు వెనకాల జారి పడిపోతుంది, పడుకోబెట్టమన్నది అందుకే. స్క్రూలన్నీ వచ్చాక కూలర్‌ను ఎత్తకండి. అరచేతిలో పట్టుకుని గడియారం ముల్లులా కొంచెం కుడికి, కొంచెం ఎడమకు తిప్పండి. బంక వీడినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు ఒక పక్క నుంచి వంచి పైకి తీయండి.

లివర్‌ను కొద్దిగా బయటికి జరిపి నిటారుగా ఎత్తండి. పాత ప్రాసెసర్‌ను అంచులు పట్టుకుని తీసి, పిన్నులు పైకి ఉండేలా పెట్టండి. కొత్తదానికి ఒక మూలన చిన్న బంగారు త్రికోణం ఉంటుంది, సాకెట్ మూలన కూడా అదే గుర్తు. రెండూ కలిపి పెడితే ప్రాసెసర్ తన బరువుతో తానే లోపలికి దిగాలి. దిగకపోతే నొక్కొద్దు. తీసి కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని పిన్నుల వరుసల వెంట చూడండి. వంగిన పిన్ను వరుస తప్పి కనిపిస్తుంది. లెడ్ పెన్సిల్‌లోంచి లెడ్ తీసేసి ఆ ఖాళీ కొనను పిన్ను మీదికి తొడిగి నెమ్మదిగా నిలబెట్టవచ్చు, ఒకటి రెండు పిన్నుల వరకైతే. సరిగ్గా దిగాక లివర్ వేయండి.

కొత్త పెట్టెలో వచ్చే కూలర్ అడుగున బూడిద రంగు పేస్ట్ ముందే పూసి ఉంటుంది. దాని మీద ఇంకో పేస్ట్ వేయకూడదు. పాత కూలరే వాడేట్టయితే దాని అడుగు భాగాన్ని ఆల్కహాల్‌తో అద్దంలా తుడిచి, ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత పేస్ట్ పెట్టండి. వేలితో పూయొద్దు, కూలర్ బరువే పరుస్తుంది. స్క్రూలు ఐమూలగా, ఒక్కోటి రెండేసి చుట్లు, ఆగేదాకా. ఒక పక్క పూర్తిగా బిగించి తర్వాత రెండో పక్కకు వెళ్తే కూలర్ వాలి కూర్చుంటుంది, ఆ మూల పేస్ట్ మందంగా ఉండిపోతుంది. ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే పెట్టండి.

ర్యామ్ కూడా ఇప్పుడే వేయండి. రెండు 8 జీబీ స్టిక్కులు వేస్తే డ్యుయల్ ఛానెల్ అవుతుంది, అంటే ప్రాసెసర్ రెండింటినీ ఒకేసారి వాడుకుంటుంది. 5600జీ లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, మీ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి ఒకే స్టిక్‌తో ఆ గ్రాఫిక్స్ సగం చచ్చినట్టే. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తుంది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర ఒకటి రెండు నిమిషాలు నల్లగానే ఉండొచ్చు, మధ్యలో తనంతట తానే ఆగి మళ్లీ మొదలవచ్చు. మెమరీని సరిచూసుకుంటోంది. కంగారుపడి స్విచ్ తీయొద్దు. ఐదు నిమిషాలైనా రాకపోతే: మానిటర్ కేబుల్ బోర్డు హెచ్‌డీఎంఐలోనే ఉందా, మూలన ఉండే సీపీయూ పవర్ కేబుల్ తీసి మళ్లీ పెట్టారా, ర్యామ్ రెండు చివర్లా టక్కుమని కూర్చుందా చూసి, ఒకే స్టిక్‌తో ప్రయత్నించండి. అయినా రాకపోతే ప్లగ్గు తీసి బోర్డు మీద ఉన్న బిళ్ల బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి.

వేడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీ గది మిద్దె మీద. కూలర్ చేసే పని ప్రాసెసర్ వేడిని గది గాలికి ఇవ్వడం, గది కంటే చల్లగా అది ఉంచలేదు. 25 డిగ్రీల గదిలో 70 చూపించే ప్రాసెసర్, మే నెలలో 40 డిగ్రీలున్న గదిలో అదే పనికి 85 చూపిస్తుంది. 5600జీ పరిమితి 95. కాబట్టి హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో (వేడి చూపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని సినీబెంచ్ (ప్రాసెసర్‌కు భారం పెట్టే పరీక్ష) పది నిమిషాలు నడిపితే 80, 85 కనిపించడం ఎండాకాలంలో మామూలే. కొన్ని సెకన్లలోనే 95కు ఎగబాకితే కూలర్ సరిగ్గా కూర్చోలేదు, విప్పి మళ్లీ వేయాలి. 5600జీని బయోస్‌లో 45 వాట్లకు కట్టడి చేసే వీలుంది. ఎండ ముదిరిన రెండు నెలలు అలా పెట్టుకుంటే వేగం కొంచెమే తగ్గుతుంది, ఫ్యాన్ మోత బాగా తగ్గుతుంది. క్యాబినెట్‌ను గోడకు ఆనించకండి, వెనక జానెడు ఖాళీ వదలండి. చిత్తూరు వైపు గ్రానైట్ కోత జరిగే చోట్ల దగ్గరున్నవాళ్లు కూలర్ రెక్కల్లోని దుమ్మును రెండు నెలలకొకసారైనా ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి.

ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) పక్కన అంటించిన చీటీ చూడండి. ఉత్త అక్షరాల్లో 500 వాట్స్ అని ఉంటే చాలదు, 12 వోల్టుల వరుసలో ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించండి. 18 ఆంపియర్లయితే 216 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు లేని 5600జీకి అది చాలు. కానీ ఊరూపేరూ లేని 2018 నాటి ఎస్‌ఎంపీఎస్ అయితే, ప్రాసెసర్ మారిన వారంలోనే బరువైన పని మధ్యలో రీస్టార్ట్ కావడం మొదలైతే, అనుమానం ముందు దాని మీదే పెట్టండి.

ఇదే చదువుతున్న ఇంటెల్ వాళ్లకు రెండు మాటలు. హెచ్110 బోర్డులో 6, 7 తరాల ప్రాసెసర్లే పని చేస్తాయి. 8, 9 తరాల సాకెట్ పేరు కూడా 1151 అయినా హెచ్110లో పని చేయవు. హెచ్81లో 4వ తరం ఐ7 వేసినా విండోస్ 11 జాబితాలోకి రాదు, అక్కడ 8వ తరం నుంచే మొదలు. ఆ బోర్డుల మీద ప్రాసెసర్‌కు డబ్బు పెట్టొద్దు. హెచ్610 ఉన్నవాళ్లు మాత్రం బయోస్ చూసుకుని 12, 13, 14 తరాల్లో దేన్నైనా వేసుకోవచ్చు. పేరు చివర ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేదని గుర్తుపెట్టుకోండి. ఇంటెల్‌లో పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, అక్కడ స్క్రూ ఒక్కటి జారిపడినా బోర్డు ఖర్చు.

పాత ముక్కల కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌కో, చిత్తూరు నుంచైతే బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకో వెళ్తే, ఏఎం4 ప్రాసెసర్‌ను పారదర్శకమైన ప్లాస్టిక్ గూడులో ఉన్నదే కొనండి. డబ్బివ్వకముందు పిన్నుల నాలుగు అంచులూ చూడండి, అక్కడే ఏదైనా బోర్డులో వేసి డిస్‌ప్లే చూపించమనండి. ఆ గూడు పారేయొద్దు, మీ 2200జీని అందులో పెట్టి దాచండి. కొత్తది రెండు వారాలు నికరంగా నడిచాకే దాన్ని అమ్మండి. ఈలోగా వారంటీ కింద కొత్తది వెనక్కి పంపాల్సి వస్తే, అబ్బాయి పని ఆగకుండా నడిపేది అదే.

బోర్డు పూర్తి పేరు, రివిజన్, ఇప్పటి బయోస్ వెర్షన్, ఎస్‌ఎంపీఎస్ చీటీ మీది 12 వోల్టుల ఆంపియర్లు రాసి పెట్టండి. ఏ బయోస్ ఫైలు ఏ వరుసలో ఎక్కించాలో చూసి చెప్తాను. అప్పటిదాకా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.